ఏమంటున్నారు మీ అక్క?

జూన్ 5, గురువారం

అంట్ల గిన్నెలు నిండిన సింకుని బొమ్మ గీసి, ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తారా ఎవరైనా? తగిలించారు. ఒకటీ రెండూ కాదు, హాలు నిండా సింకులే. మా వంటింట్లో ఉచితంగా కనిపించేదాన్ని చూడటానికి అక్కని టాక్సీ ఎక్కించి మరీ తీసుకెళ్ళాను.

వెళ్ళింది బొమ్మల కోసం కాదులే. నేను కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్ పక్క సందులో ఆ గ్యాలరీ ఉందని ఎప్పటినుంచో తెలుసు. గురువారం సాయంత్రాలు అక్కడ పాటలుంటాయని మాత్రం మొన్న తలుపు మీద అంటించిన కాగితం చూస్తేనే తెలిసింది. అక్క జీవితమంతా పిల్లలకి పాట నేర్పింది. గొంతు ఆపరేషన్ అయ్యాక ఇంట్లో రేడియో కూడా పెట్టనివ్వడం లేదు. ఇప్పుడు జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందని, ఇంకో విడత మందులెక్కిద్దామని డాక్టరంటే వద్దు పొమ్మంటోంది. నాలుగు మంచి పాటలు చెవిన పడితే మనసు మారుతుందని నా ఆశ. మనిషికి బతకాలని అనిపించేది ఇలాంటివాటికే కదా.

ఆ హాలు ఒకప్పుడు దారం ఉండలు దాచే గోదామట. ఒక కుర్చీకి ఇంకో కుర్చీకి పోలిక లేదు. పాట మొదలయ్యే ముందు పెద్ద దీపాలు ఆర్పేశారు. బొమ్మల మీద చిన్న దీపాలు మాత్రం ఉంచారు. నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి ఒకత్తి ఓ సింకు బొమ్మ కింద స్టూలు మీద కూర్చుని గిటారు వాయిస్తూ పాడింది. అక్క వేళ్ళు మోకాలి మీద తాళం వేశాయి. నేను పాట వినలేదు, ఆ వేళ్ళే చూస్తూ కూర్చున్నాను.

అయ్యాక చప్పట్లు కొట్టబోతే గ్యాలరీ నడిపే ఆవిడ చేతులెత్తి ఆపింది. నెత్తి మీద ఒక కళ్ళజోడు, మెళ్ళో ఒక కళ్ళజోడు.

"ఇక్కడ చప్పట్లు కొట్టేసి ఇంటికి పోతానంటే కుదరదు. విన్నవాళ్ళలో ఒకరు లేచి ఎలా ఉందో నిజంగా చెప్పాలి. ఎవరు చెప్పాలో పాడినవాళ్ళ ఇష్టం" అంది.

ఆ అమ్మాయి సరిగ్గా మా అక్కనే చూపించింది. "మెడకి స్కార్ఫ్ కట్టుకున్న అమ్మగారు చెప్తే వింటాను. ఆవిడ తాళం వేశారు" అంది.

నేను లేచి, "మా అక్కకి గొంతు తీసేశారమ్మా. పెదాలు కదిపితే నాకు తెలుస్తుంది. నేను చెప్తాను" అన్నాను.

"ఏమంటున్నారు మీ అక్క?"

అక్క అన్నది: "రెండో పాటలో పైకి ఎక్కేటప్పుడు శ్రుతి జారుతోంది. అక్కడ ఊపిరి అయిపోతుందని ముందే భయపడుతోంది."

నేను చెప్పింది: "చాలా బాగుందంటోంది. ముఖ్యంగా రెండో పాట."

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. అక్క నా వంక చూసింది. అక్కకి పోయింది గొంతే, చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. ఆ సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు.

జూన్ 6, శుక్రవారం

చిన్నపిల్ల. మొదటిసారి చూసి తప్పులెంచడం ఏం మర్యాద? నేను చేసింది మంచిదే.

జూన్ 9, సోమవారం

ల్యాబ్‌లో సగం పూట సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళాం. ఓనరు మొహం ముడుచుకున్నాడు. ఎవరో పెద్దాయనకి పై పళ్ళ సెట్టు రేపటికి కావాలట, మైనం పని నేను తప్ప ఎవరూ చెయ్యలేరట. మామూలప్పుడు ఈ మాట అంటే చెవికి ఇంపుగా ఉండేది.

డాక్టరుకి అక్కతో మాట్లాడటం రాదు. అక్క ఎదురుగా కూర్చున్నా నన్నే చూసి మాట్లాడతాడు. "మందులెక్కిస్తే కొన్ని నెలలు కలిసి రావచ్చు. ఎక్కించకపోతే చెప్పలేం. పేషెంటు ఒప్పుకోవాలి" అన్నాడు.

అక్క తల అడ్డంగా ఊపింది.

"వద్దంటున్నారా?"

"మెడ పట్టేసిందండీ. పొద్దుట్నుంచీ అలాగే తిప్పుకుంటోంది" అన్నాను.

ఇంత చక్కగా ఎలా వచ్చిందో ఆ మాట. అక్క పెదాలు కదిలాయి: "నాకింక వద్దని చెప్పు, చిట్టీ." యాభై దాటినా నేను చిట్టినే.

"ఏమంటున్నారు మీ అక్క?"

"కొంచెం టైం కావాలంటోందండీ. ఆలోచిస్తుందట."

"జూలై పధ్నాలుగున రండి. ఆ రోజే మొదలుపెట్టాలి. అంతకన్నా ఆలస్యమైతే మందులిచ్చీ లాభం ఉండదు."

బస్సులో అక్క కిటికీ వైపు కూర్చుంది. నా వైపు తిరగకపోతే తనేమన్నా నాకు తెలియదు. దిగేదాకా తిరగలేదు.

ఆలోచిస్తుందనడం అబద్ధమేం కాదు. అన్నేళ్ళ మనిషి ఆలోచించకుండా ఉంటుందా?

జూన్ 12, గురువారం

మళ్ళీ వెళ్ళాం. రానంటుందనుకున్నాను. స్కార్ఫ్ తనే కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది! పాట మంత్రం పనిచేస్తోంది.

ఇవాళ మొదట ఒక ముసలాయన ఫ్లూటు వాయించాడు. ముందు పళ్ళు రెండూ కట్టుడువి, మా ల్యాబ్ పని కాదు, బయటికి తోసుకొచ్చి ఉన్నాయి. వాటితోనే అంత బాగా ఎలా ఊదాడో. తర్వాత నీలం చొక్కా అమ్మాయి. ఇవాళ చొక్కా పసుపుపచ్చది, అయినా నాకు నీలం చొక్కా అమ్మాయే. మళ్ళీ ఆ రెండో పాట పాడింది. మళ్ళీ అక్కనే అడిగింది.

అక్క: "అదే చోట. పోయినసారి కంటే ఎక్కువ జారింది. ఎవరూ చెప్పకపోతే అదే అలవాటైపోతుంది."

నేను: "పోయినసారి కంటే బాగుందంటోంది. సాధన ఎక్కువ చేసినట్టున్నావట."

కళ్ళజోళ్ళావిడ నెత్తి మీది కళ్ళజోడు కిందికి దించుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అంత పొడుగు మాటకి అంత చిన్న తర్జుమానా అనుకుందో ఏమో.

జూన్ 13, శుక్రవారం

అక్క రాత్రంతా దగ్గింది.

జూన్ 15, ఆదివారం

మెడకి ఆనించి మాట్లాడే యంత్రం ఇచ్చారు ఆస్పత్రిలో, ఆపరేషన్ అయిన కొత్తలో. అక్క దాన్ని ఒక్కసారి వాడింది. ఎన్ని మాటలన్నా అన్నీ ఒకే శ్రుతిలో గీమని మోగాయి. కోపమూ అదే, ముద్దూ అదే. ఇంక వద్దని పెట్టెలో పెట్టి మూసేసింది. రాద్దామంటే మందుల వల్ల వేళ్ళకి తిమ్మిరి, పెన్ను నిలవదు. కాబట్టి మా అక్కకి నేను తప్ప వేరే దిక్కు లేదు.

ఈ వాక్యం రాసి మళ్ళీ చదువుకున్నాను. ఇందులో కొంచెం గర్వం కనిపిస్తోంది. ఉండనీ.

ల్యాబ్‌లో అందరికీ వింతే, నాకు పెదాలు చదవడం ఎలా వచ్చిందని. రోజంతా చేతిలో ఎవరివో ఒకరి దవడల అచ్చులుంటాయి. ఏ మాటకి నాలుక ఏ పన్నుని తాకుతుందో చూసుకోకపోతే, కట్టిన పళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఈలలు వేస్తూ మాట్లాడాల్సి వస్తుంది. అక్క నోరైతే చూడక్కర్లేదు కూడా. అమ్మ పోయాక నన్ను పెంచిన నోరది. ఏం తిడుతుందో అది తెరవకముందే తెలుసు.

జూన్ 19, గురువారం

పాటయ్యాక ఆ అమ్మాయి మా కుర్చీల దగ్గరికొచ్చి కూర్చుంది. పగలు మందుల షాపులో పని చేస్తుందట. జూలై మొదటివారంలో సంగీత కళాశాలలో ఎంపిక ఉందట. ఆ రెండో పాటే అక్కడ పాడబోతోంది.

"మీరు బాగుందంటున్నారు కాబట్టే ధైర్యంగా ఉంది అమ్మా. మా ఇంట్లో ఎవరికీ సంగీతం తెలీదు" అంది, అక్క చెయ్యి పట్టుకుని.

అక్క నా వైపు తిరిగింది. "ఇప్పుడైనా చెప్పు. ఇంకా టైముంది."

"ఆల్ ది బెస్ట్ చెప్తోంది" అన్నాను.

ఒక మనిషికి ధైర్యమివ్వడం పాపమా? భయపడుతోందని తనే అంది కదా. ధైర్యముంటే శ్రుతి అదే నిలబడుతుంది. దారి పొడుగునా అక్కకి ఇదే చెప్పుకొచ్చాను. అక్క ఏమీ అనలేదు. టాక్సీలో చీకటిగా ఉంది, అని ఉన్నా నాకు కనిపించి ఉండదు.

జూన్ 24, మంగళవారం

వంటింట్లో అక్క నా రెండు భుజాలూ పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నేనేమంటున్నానో నీకు అర్థమవుతోందా, లేదా?"

"అవుతోంది."

"మరి?"

"పాలు పొంగుతున్నాయక్కా" అని ఇవతలికొచ్చేశాను.

పొయ్యి మీద పాలు లేవు.

జూన్ 26, గురువారం

నీలం చొక్కా అమ్మాయి రాలేదు, సాధనలో ఉందట. ఎవరో ఇద్దరు తబలా, వయొలిన్. అక్క కళ్ళు మూసుకుని విన్నది. నిజంగా చాలా బాగుంది ఇవాళ. మధ్యలో అక్క పెదాలు కదిలాయి. నాతో ఏమైనా అంటోందేమోనని ముందుకి వంగాను. నాతో కాదు. వయొలిన్‌తో కలిసి పాడుతోంది. శబ్దం లేకుండా, నోరు పూర్తిగా తెరిచి, మేం చిన్నప్పుడు వంటింట్లో పాడుకున్నట్టు పాడుతోంది.

నేను బయటికి వెళ్ళి సందులో గోడకానుకుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని లోపలికొచ్చాను. ఇలా పాడే మనిషికి చావాలని ఉంటుందా? ఉండదు. పధ్నాలుగున తనే ఒప్పుకుంటుంది. రాసి పెట్టుకుంటున్నాను.

జూలై 3, గురువారం

వెళ్ళలేదు. అక్కకి ఆయాసం. మెడ దగ్గర ఊపిరి గొట్టం శుభ్రం చేసి, స్కార్ఫులన్నీ ఉతికి ఆరేశాను.

"పధ్నాలుగున మొదలుపెడితే నయమైపోతుంది" అన్నాను తల దువ్వుతూ.

అక్క అద్దంలోంచి అంది: "నయమవుతుందని డాక్టరెప్పుడన్నాడు?"

అన్నట్టే నాకు గుర్తు. ఇలాంటిదేదో అన్నాడు.

అద్దంలో పెదాలు తిరగబడి కనిపిస్తాయి, అయినా చదవగలిగాను. చదవలేకపోతే బాగుండేది.

జూలై 7, సోమవారం

పని పాడు చేశాను. కింది దవడ అచ్చు చేతిలోంచి జారి ముక్కలైంది. ఓనరు అరవలేదు. "ఇంటికెళ్ళమ్మా" అన్నాడు. అరిస్తే బాగుండేది.

జూలై 10, గురువారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అక్కకి గ్యాలరీ మెట్లెక్కే ఓపిక లేదు. అయినా వెళ్దామంది. కళ్ళజోళ్ళావిడ, ఫ్లూటాయన చెరో పక్క పట్టుకుని ఎక్కించారు. గోడల మీద సింకులు పోయి కొత్త బొమ్మలొచ్చాయి, ఎవరివో వీపులు. అంతా అటు తిరిగి కూర్చున్న మనుషులే. నాకు నచ్చలేదు.

నీలం చొక్కా అమ్మాయి వచ్చింది. రెండో పాట పాడింది. పైకి ఎక్కే చోట గొంతు వణికి, పక్కకి జారి, ఆగిపోయింది. కాసేపు గిటారు తీగల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"కళాశాలలో కూడా ఇక్కడే ఆపమన్నారు" అంది. "ఈ తప్పు మీకెవరూ చెప్పలేదా అనడిగారు. లేదన్నాను. ఇంక పైయేడే రమ్మన్నారు." తర్వాత మా వైపు చూసింది. అక్కని కాదు, నన్ను. "అమ్మగారు ప్రతిసారీ ఎంతో సేపు చెప్పేవారు. మీరు ఒక్క ముక్క చెప్పేవారు. ఆవిడ నిజంగా ఏమన్నారు?"

అక్క పెదాలు కదిలాయి.

"నీ తప్పేం లేదంటోందమ్మా" అన్నాను. "వాళ్ళకే సంగీతం..."

అక్క లేచింది. కుర్చీ వెనక్కి పడింది. తిమ్మిరెక్కిన ఆ వేళ్ళతో నా గడ్డం పట్టుకుని మొహాన్ని తన మొహానికెదురుగా తిప్పుకుంది. చిన్నప్పుడు అన్నం తిననని మారాం చేస్తే ఇలాగే పట్టుకునేది. అందరి ముందూ పట్టుకుంది.

"ఉన్నదున్నట్టు చెప్పు" అంది. "నా మాటే చెప్పు. నీ మాట కాదు."

అక్క ఒక్కో మాటా అంటుంటే నేను ఒక్కో మాటా చెప్పాను.

"మొదటి రోజే చెప్పాను. పైకి ఎక్కేటప్పుడు నీ శ్రుతి జారుతోంది. ఊపిరి చాలదని భయపడి, చివర్లో గబుక్కున పీలుస్తున్నావు. ముందు లైను అయిపోగానే తీసుకో. కడుపులోకి తీసుకో. భుజాలు పైకి లేవకూడదు. రా, ఇలా నిలబడు."

అక్క ఆ అమ్మాయి వెనక్కి వెళ్ళి నడుం మీద రెండు అరచేతులూ ఆనించింది. "నా చేతుల్ని తోసెయ్యి. ఇంకా. ఇంకా. ఇప్పుడు పాడు." ఇవన్నీ నేనే అన్నాను, హాలు మధ్యలో నిలబడి, వేరే మనిషిలా.

ఆ అమ్మాయి పాడింది. జారలేదు. పైకెళ్ళి అక్కడే నిలబడింది. అక్క కళ్ళలో నేను చాలాకాలంగా చూడని వెలుగు. పాట చెప్పే టీచరు మొహం అది.

"ఇంత తేలికా" అని ఏడ్చింది ఆ పిల్ల. "పైయేడు మళ్ళీ వెళ్తాను. అప్పటిదాకా ప్రతి గురువారం మీరే నేర్పండి అమ్మా."

అక్క తల ఊపింది, అడ్డంగా. పెదాలు నెమ్మదిగా కదిలాయి. నేను చెప్పలేకపోయాను. అక్క నా గడ్డం మళ్ళీ పట్టుకోలేదు. ఊరికే చూస్తూ నిలబడింది.

"ఏమంటున్నారు?" అనడిగింది ఆ అమ్మాయి.

"పైయేటికి నేనుండను" అన్నాను. "అందుకే ఇవాళే చెప్పాలి."

నా నోట్లోంచి వచ్చింది ఆ మాట. కళ్ళజోళ్ళావిడ వచ్చి పడిన కుర్చీ లేపింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

జూలై 11, శుక్రవారం

మాట్లాడుకోలేదు. సాయంత్రం నేనే ఉండబట్టలేక అడిగాను.

"డాక్టరు దగ్గర నువ్వే గట్టిగా తల ఊపొచ్చుగా. నన్ను తోసేసి, బల్ల చరిచి చెప్పొచ్చుగా. నేను అబద్ధాలు చెప్తుంటే వింటూ ఎందుకూరుకున్నావు?"

"నిన్ను కాదని చెప్తే నిన్ను ఒంటరిదాన్ని చేసినట్టుంటుంది. నీ నోటితో వస్తే ఇద్దరం కలిసి అనుకున్నట్టుంటుంది" అంది. "చెప్తావేమోనని చూస్తున్నా."

"చెప్పకపోతే?"

"ఎక్కించుకుంటాను. నీ కోసం."

నేను ఆ మాటకే ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. అదిగో, అంది. పధ్నాలుగున నేను నోరు మూసుకుంటే చాలు, అక్క చెయ్యి చాపి సూది గుచ్చించుకుంటుంది. కొన్ని నెలలు కలిసొస్తాయి. పోయినసారిలా వాంతులు చేసుకుంటూ, గోడ వైపు తిరిగి పడుకుని ఉంటుంది. అయినా ఇంట్లో ఉంటుంది కదా.

జూలై 12, శనివారం

ఉంటుంది కదా.

జూలై 13, ఆదివారం

అక్క మధ్యాహ్నం పడుకుంది. పక్కన కూర్చుని చూశాను. నిద్రలో పెదాలు కదులుతున్నాయి. చదవగలను. చదవకుండా తల తిప్పుకున్నాను. ఆ ఒక్కటైనా తనకి తనే దాచుకోనీ.

జూలై 14, సోమవారం

నర్సు ముందే పడక సిద్ధం చేసింది. డాక్టరు మామూలుగానే నా వైపు తిరిగాడు. "మొదలుపెడదామా? ఏమంటున్నారు మీ అక్క?"

"ఆవిడ ఎదురుగానే ఉన్నారు కదండీ, ఆవిడనే అడగండి" అన్నాను. "చెప్పింది చెప్పినట్టు చెప్తాను."

ఆయన కుర్చీ తిప్పుకుని అక్క మొహంలోకి చూసి అడిగాడు. నా గొంతు వణకకూడదని కడుపులోకి ఊపిరి పీల్చుకున్నాను. అక్క నా వైపు తిరిగి మొదలుపెట్టింది. నేను అక్క పెదాలు తప్ప ఇంకేమీ చూడలేదు.

"నాకు వద్దండీ. పోయినసారే నాకు చాలయింది. మందుల వల్ల వచ్చే నెలలు మంచం మీద గడుస్తాయి. నాకున్నవి ఎన్నో నాకు తెలీదు, అవి నా ఇంట్లో గడుపుతాను. నొప్పి తెలియకుండా ఏదైనా ఇవ్వండి, అది చాలు."

డాక్టరు రాసుకోవడం ఆపి వింటున్నాడు. అక్క ఆగింది. అయిపోయిందనుకున్నాను. అక్క నా మొహంలోకి చూసి మళ్ళీ పెదాలు కదిపింది, ఈసారి ఇంకా నెమ్మదిగా, ఒక్క అక్షరం కూడా పోకుండా. డాక్టరు "ఏమంటున్నారు?" అన్నాడు.

చెప్పాను.

"పోయిన నెల నాకు మెడ పట్టెయ్యలేదండీ. అప్పుడే వద్దన్నాను. మా చెల్లి మీకు అబద్ధం చెప్పింది. దానికి నేను తప్ప ఎవరూ లేరు, అందుకని చెప్పింది. దాన్ని ఏమీ అనకండి. నేను పోయాక ఇక్కడికొచ్చి, ఆ రోజు మందులు ఎక్కించి ఉంటే బతికేదా అని మిమ్మల్ని అడుగుతుంది. బతికేది కాదని చెప్పండి. ఎన్నిసార్లొచ్చి అడిగినా అదే చెప్పండి."

ఒక్క మాట కూడా మార్చలేదు.